పిల్లల ముఖాలతో ప్రచారమా!

బడులు తెరిచే జూన్ వచ్చిందంటే ఈ ఫొటోలు పత్రికా కార్యాలయాలకు కుప్పలుగా వచ్చి పడతాయి. సర్కారు బడి ఆవరణలో ఎండకు వరసగా నిలబెట్టిన పిల్లలు, చేతుల్లో కంపెనీ పేరు అచ్చేసిన సంచులు, వెనక నిలువెత్తు ఫ్లెక్సీ, మధ్యలో మేనేజర్లూ అధికారులూ. కింద ‘పేద విద్యార్థులకు చేయూత’ అని ఒక ముక్క. ఆ పిల్లల్నిగానీ వాళ్ల తల్లిదండ్రుల్నిగానీ అడిగే ఫొటో తీశారా అన్న ఆలోచన ఎవరికీ రాదు.

ముందు ఒక మాట తేల్చుకుందాం. ఇది దానం కాదు. 2013 కంపెనీల చట్టం 135వ సెక్షన్ ప్రకారం నికర విలువ రూ.500 కోట్లు, లేదా టర్నోవర్ రూ.1,000 కోట్లు, లేదా నికర లాభం రూ.5 కోట్లకు చేరిన కంపెనీ తన గత మూడేళ్ల సగటు లాభంలో కనీసం 2 శాతం సామాజిక బాధ్యత (సీఎస్ఆర్) కింద ఖర్చు చేయాలి. 2014 ఏప్రిల్ 1 నుంచి ఇది అమల్లో ఉంది. ఖర్చు కాని సొమ్మును చట్టం చెప్పిన నిధికి జమ చేయాలి, లేదంటే జరిమానా. ఉల్లంఘిస్తే మూడేళ్ల దాకా జైలు అని 2019లో సవరణ తెచ్చినప్పుడు పరిశ్రమ వర్గాలు గగ్గోలు పెట్టాయి. కేంద్రం వెనక్కి తగ్గింది. చట్టం కట్టమన్నది కట్టి దాతల్లా దండలు వేయించుకోవడం ఏం పద్ధతి?

మార్కెటింగ్ లాభం కోసం స్పాన్సర్‌షిప్ పద్ధతిలో చేసే పనులు సీఎస్ఆర్ కిందికి రావని నిబంధనల్లోనే రాసి ఉంది. మరి ఏడాది పొడవునా పిల్లాడి వీపు మీద ఊరేగే లోగోను ఏమనాలి?

కంపెనీల డబ్బే లేకపోతే ఆ బడుల గతేంటని అడిగేవాళ్లున్నారు. చాలాచోట్ల ఆ డబ్బుతో గదులు లేచాయి, మరుగుదొడ్లు వచ్చాయి, కాదనం. కానీ ఎంపికయ్యేవన్నీ ఫొటోలో కనిపించే వస్తువులే. టీచరు జీతం ఫొటోలో పడదు. మరుగుదొడ్డి కడిగే మనిషి జీతం పడదు, కరెంటు బిల్లు అంతకన్నా పడదు. అందుకే ఆర్భాటంగా ప్రారంభించిన మరుగుదొడ్డికి నీళ్లూ మనిషీ లేక తాళం పడుతుంది. డిజిటల్ బోర్డు పాడైతే బాగుచేయించే దిక్కుండదు. ఫలితం ఏమిటో మదింపు చేయించాలన్న నియమం రూ.10 కోట్లకు తగ్గకుండా సీఎస్ఆర్ బాధ్యత ఉన్న కంపెనీలకే, అదీ కోటి రూపాయలు, ఆపైన ఖర్చయ్యే ప్రాజెక్టులకే. సంచుల పంపిణీకి లెక్క ఒక్కటే, ఎంతమందికి ఇచ్చారన్నది. చదువు ఎంత వచ్చిందో ఎవరూ అడగరు.

ప్రభుత్వాలకు ఈ ఏర్పాటు హాయిగా ఉంది. ఆరు నుంచి పద్నాలుగేళ్ల పిల్లలకు ఉచిత నిర్బంధ విద్య రాజ్యాంగం 21ఏ అధికరణ ఇచ్చిన హక్కు. దాన్ని అమలుచేసే చట్టం 2010 ఏప్రిల్ 1 నుంచి ఉంది. జాతీయాదాయంలో 6 శాతం చదువుకు పెట్టాలని కొఠారీ కమిషన్ 1966లో చెప్పింది, 2020 విద్యా విధానం అదే మాట మళ్లీ చెప్పింది. అంత పెట్టకుండా బెంచీల కోసం కంపెనీల చుట్టూ తిరగమని హెడ్మాస్టర్లను పంపుతున్నారు. హక్కుగా రావాల్సిన బెంచీకి పిల్లలు చేతులు జోడించి థ్యాంక్స్ చెప్పాలా? ఇదే అలవాటైతే రేపు టీచరు పోస్టు కూడా ఏదో ఒక కంపెనీ దయ మీద ఆధారపడుతుంది. మా భయం అదే.

కంపెనీ పేరు వార్షిక నివేదికలో ఎంత పెద్ద అక్షరాలతోనైనా వేసుకోవచ్చు. పిల్లల వీపుల మీద వద్దు, వాళ్ల ముఖాలతో వద్దు. ఇచ్చే డబ్బు బడి అడిగిన పనికి ఇవ్వండి, బోర్డుతో పాటు దాని రిపేరు ఖర్చూ భరించండి. ఇక జిల్లా విద్యాశాఖ అధికారులకు: వేదికల మీద సంచులు పంచడం మీ ఉద్యోగం కాదు. బడి గేటు లోపలికి ఆ ఫ్లెక్సీ రావాలంటే మీ అనుమతి కావాలి. ఇవ్వకండి.