రిపోర్టు మీది లావు ‘హెచ్’ గారికి

నల్లగొండ

అయ్యా,

గడియారం సెంటర్ చుట్టుపక్కల ఏ ల్యాబులో లిపిడ్ ప్రొఫైల్ (రక్తంలో కొవ్వుల పరీక్ష) తీయించినా, కాగితం చేతికి రాంగనే జనం వెతికేది అంకె పక్కన నిలబడి ‘హై’, అంటే ఎక్కువుందని చెప్పే మిమ్మల్నే. అంకెలు తర్వాత. మీరుంటే బుగులు, లేకుంటే బజ్జీల బండి. ఇంత పలుకుబడి కలెక్టరాఫీసులో కూడా ఎవరికీ ఉండదు.

ఒకావిడ సంగతి చూడండి. టోటల్ కొలెస్ట్రాల్ 210, హెచ్‌డీఎల్ (‘మంచి’ కొలెస్ట్రాల్ అంటారే, అది) 68, ట్రైగ్లిజరైడ్స్ (రక్తంలోని ఇంకో రకం కొవ్వు) 100. ఎల్‌డీఎల్, అంటే ‘చెడు’ కొలెస్ట్రాల్, లెక్క వేళ్ల మీదే తేలుతుంది: టోటల్‌లోంచి హెచ్‌డీఎల్ తీసేయాలి, ట్రైగ్లిజరైడ్స్‌లో ఐదో వంతు కూడా తీసేయాలి. 210లో 68 పోతే 142, అందులోంచి 20 పోతే 122. షుగరు లేదు, బీపీ లేదు, ఇంట్లో ఎవరికీ గుండెజబ్బు లేదు. అయినా టోటల్ 200 దాటిందని దాని పక్కన మీరు నిక్కి నిలబడ్డారు. ఆమె గుడ్డు మానేసింది. ఆ 210లో దాదాపు మూడో వంతు, రక్తనాళాల్లోని కొలెస్ట్రాల్‌ను మళ్లీ కాలేయానికి మోసే హెచ్‌డీఎల్ ఖాతాలోదని మీరొక్క ముక్క చెప్పలేదు.

ఇంకొకాయనకు స్టెంట్ పడింది, షుగరుంది. టోటల్ 178, హెచ్‌డీఎల్ 31, ట్రైగ్లిజరైడ్స్ 240. అదే లెక్కన ఎల్‌డీఎల్ 99. టోటల్ దగ్గర మీరు లేరు, ఎల్‌డీఎల్ దగ్గరా లేరు. ట్రైగ్లిజరైడ్స్ దగ్గర ఉన్నారు గానీ, నోరు తిరగని పేరు పక్కన నిలబడితే ఎవరు భయపడతారు? ఆయన సక్కగ బోటీ కూరకు పోయాడు. స్టెంట్ పడ్డ మనిషికి ఎల్‌డీఎల్ 70 కంటే దిగువన ఉండాలి, 55 లోపుంటే ఇంకా నయం. టోటల్‌లోంచి హెచ్‌డీఎల్ తీసేస్తే ఆయనకు 147 మిగులుతోంది. అది 100 దాటకూడదు. మీరేమో ఊరందరికీ ఒక్కటే గీత గీసుకుని కూర్చున్నారు. ఆ గీతైనా ఒక ల్యాబులో 100 దగ్గర, ఇంకో ల్యాబులో 130 దగ్గర.

ఆయన హెచ్‌డీఎల్ పక్కన మీ తమ్ముడు ‘ఎల్’ (‘లో’, అంటే తక్కువ) ఉన్నాడు. మగవాళ్లకు 40, ఆడవాళ్లకు 50 కంటే తగ్గితే వస్తాడు. పాపం, ‘తక్కువే కదా’ అని సంతోషించేవాళ్లే ఎక్కువ. సంగతి తెలిసినవాళ్లు హెచ్‌డీఎల్ పెంచే మాత్ర అడుగుతారు. టోర్సెట్రాపిబ్ అనే మందు హెచ్‌డీఎల్‌ను బాగానే పెంచింది. వాడినవాళ్లలో మరణాలు పెరిగాయని 2006లో పరీక్షలే ఆపేశారు. పేరులో ‘మంచి’ ఉన్నంత మాత్రాన అంకె పెంచితే చాలదు. నడక, బరువు తగ్గడం, బీడీ మానడం: వీటితో హెచ్‌డీఎల్ ఎక్కువ పెరగకపోయినా గుండెకు మేలే.

మీ అసలు బలహీనత ట్రైగ్లిజరైడ్స్ దగ్గర బయటపడుతుంది: అవి ఎందుకు పెరిగాయో మీరు చెప్పలేరు. రాత్రి కల్లు తాగి పొద్దున రక్తమిస్తే అవి ఎగబాకుతాయి. 400 దాటితే పైన చెప్పిన ఐదో వంతు లెక్క చెల్లదు, ఎల్‌డీఎల్‌ను నేరుగా కొలవాలి. కల్లు మానేసి బత్తాయి రసం గ్లాసులకు గ్లాసులు తాగేవాళ్లున్నారు. బత్తాయి మన జిల్లా పంటే, కాదనం. కానీ రసం చేస్తే పీచు పోయి చక్కెర మిగులుతుంది, ట్రైగ్లిజరైడ్స్‌ను పెంచేది అదే. పండు తొనలుగా తినమనండి.

గుడ్డును అంతగా బెదిరించారు గానీ బజ్జీల మూకుడును వదిలేశారు. మన ఒంట్లో కొలెస్ట్రాల్‌లో ఎక్కువ భాగం ఒళ్లు తయారుచేసుకునేదే. సంతృప్త కొవ్వు ఎక్కువైతే రక్తంలోని ఎల్‌డీఎల్‌ను లోపలికి లాక్కునే కాలేయపు ద్వారాలు తగ్గిపోతాయి. పామాయిల్‌లో ఆ కొవ్వు దాదాపు సగం. మన పాలమూరు పల్లినూనెలో సుమారు ఐదో వంతు. పామాయిల్ ప్యాకెట్ మీద ‘కొలెస్ట్రాల్ లేదు’ అని రాస్తే అబద్ధమేం కాదు. మొక్కల నుంచి వచ్చే ఏ నూనెలోనూ లెక్కలోకి వచ్చేంత ఉండదు మరి.

అన్నిటికంటే మీరు మాయమైన రోజే మాకు బుగులు. కొలెస్ట్రాల్ తగ్గించే స్టాటిన్ మాత్ర మొదలుపెట్టిన 4 నుంచి 12 వారాల్లో మళ్లీ పరీక్ష చేస్తే మీరు కనపడరు. ‘హెచ్ పోయింది’ అని మాత్ర ఆపేస్తారు. మీరు పోయింది మాత్ర వల్లనే. కొన్ని వారాల్లో ఎల్‌డీఎల్‌తో పాటు మీరూ తిరిగొస్తారు.

చివరగా ఒక్క విన్నపం. ఎల్‌డీఎల్ 131 ఉన్నా, 195 ఉన్నా మీరు ఒకే లావు ఉంటున్నారు. 190 దాటిందంటే వంశంలోనే ఉందేమోనని అనుమానించాలి, థైరాయిడ్ చూడాలి, పిల్లలకూ తోడబుట్టినవాళ్లకూ రక్తం తీయించాలి. అక్కడైనా జర ఇంకో నాలుగు ‘హెచ్’లను వెంటేసుకుని రండి.

ఇట్లు,
సూదులు గుచ్చేవాళ్లం, కాగితాలు చదివి చెప్పేవాళ్లం