ఖాళీలో సగటు పెట్టేస్తే లెక్క తేలినట్టు కాదు

“డేటాలో ఒక అంకె కనబడకపోతే టెన్షన్ వద్దు. మిగిలినవాటి సగటు తీసి ఆ ఖాళీలో పెట్టేయండి. సగటు మారదు కాబట్టి తప్పు ఉండదు. ఎన్ని ఖాళీలున్నా ఇదే పద్ధతి.” లెక్కల చిట్కా పేరుతో ఈ మాటలు చాలామంది పంచుకుంటున్నారు. పరీక్షలకు చదివే పిల్లలు కూడా నమ్ముతున్నారు కాబట్టి ఒక్కో మాటా విడదీసి చూడాలి.

ముందు ‘మిగిలినవాటి సగటు’ సంగతి. ఐదు రాశుల్లో నాలుగు తెలుసు: 12, 15, 9, 18. ఐదింటి సగటు 14 అని లెక్కలోనే ఇచ్చారు. చిట్కా ప్రకారం చేస్తే నాలుగింటి మొత్తం 54, సగటు 13.5. అది ఖాళీలో పెడితే ఐదింటి సగటు కూడా 13.5 అవుతుంది, ఇచ్చిన 14 రాదు. అంటే చేతికిచ్చిన సమాచారాన్నే పక్కన పడేశాం. చేయాల్సింది ఇంతే: 14ని 5తో గుణిస్తే అసలు మొత్తం 70. అందులోంచి 54 తీసేస్తే 16. కనబడని రాశి అదే. గుణించేది 5తో. కనబడేవి నాలుగే కదా అని 4తో గుణించి, 56లోంచి 54 తీసి, జవాబు 2 అని రాసిన నోట్‌బుక్కులు చాలానే దిద్దాను. ఆ 2ని తిరిగి పెట్టి సగటు తీస్తే 11.2 వస్తుంది. అలా ఒక్కసారి సరిచూసుకుంటే తప్పు అక్కడే దొరికిపోయేది.

‘సగటు మారదు కాబట్టి తప్పు ఉండదు’ అన్నది అన్నిటికంటే ప్రమాదకరమైన మాట. సగటు మారదన్నది నిజమే. కానీ అది మన జవాబు సరైనదని చెప్పే సాక్ష్యం కాదు. ఒక పట్టిక చూడండి. 10 నాలుగుసార్లు వచ్చింది, 30 నాలుగుసార్లు వచ్చింది, 20 ఎన్నిసార్లు వచ్చిందో చెరిగిపోయింది. సగటు 20 అని ఇచ్చారు. 20 పౌనఃపున్యం ఎంత? 1 పెట్టినా సగటు 20, 50 పెట్టినా 20, అసలు లేకపోయినా 20. సగటుతో సమానమైన విలువను ఎన్నిసార్లు చేర్చినా సగటు కదలదు. అందుకే ఈ పట్టికలో చెరిగిన అంకెను సగటు చెప్పలేదు.

సగటు కదలకపోయినా మిగతావి కదులుతాయి. 2, 4, 6, 8, 10 ఉన్నాయనుకోండి. సగటు 6, విస్తృతి (variance, అంటే ఒక్కో అంకె సగటుకు ఎంత దూరంలో ఉందో ఆ దూరాల వర్గాల సగటు) 8. వీటి పక్కన ఐదు ఖాళీలుంటే అన్నిట్లో 6 పెట్టారు. సగటు 6గానే ఉంది, విస్తృతి మాత్రం 4కి పడిపోయింది. అంటే అంకెలు నిజంగా ఉన్నదానికంటే దగ్గరదగ్గరగా ఉన్నట్టు కనబడతాయి. ఆ డేటా మీద ఎవరైనా అంచనా కడితే, లేని ధీమా వస్తుంది.

ఎన్ని ఖాళీలున్నా ఇదే పద్ధతి అన్నదీ నిలబడదు. 12, 15, 9, ఇంకా రెండు ఖాళీలు, సగటు 14. ఇక్కడ తెలిసేది ఆ రెండింటి మొత్తం 34 అని మాత్రమే. 16, 18 కావచ్చు, 4, 30 కూడా కావచ్చు. విడివిడిగా తేల్చాలంటే ఇంకో సమాచారం కావాలి.

సగటు ముందే ఇచ్చిన పరీక్ష లెక్క వేరు, నిజంగా కొలిచి తెచ్చిన డేటా వేరు. రెండో దాంట్లో అంకె ఎంత అన్నదానికంటే ముందు, అది ఎందుకు లేదు అని అడగాలి. 1976లో అమెరికన్ గణాంక శాస్త్రవేత్త డొనాల్డ్ రూబిన్ తన పరిశోధన పత్రంలో తీసుకున్న ప్రశ్న ఇలాంటిదే: విలువలు తప్పిపోయిన తీరును ఎప్పుడు పట్టించుకోకుండా వదిలేయవచ్చు? 100 కిలోల వరకే చూపించే తూకం మిషన్ అనుకోండి. 62, 71, 85, 94 నమోదయ్యాయి. మరో ఇద్దరి బరువు 100 దాటడంతో వాళ్ల వరుసలు ఖాళీగా ఉన్నాయి. నాలుగింటి సగటు 78. చిట్కా నమ్మినవాళ్లు ఆ ఇద్దరికీ 78 అని రాసేస్తారు. వాళ్లు 78 కిలోలు ఉండే అవకాశమే లేదు. ఆ రెండు వరుసల్లో ‘100 పైన’ అని రాస్తే, తెలిసినంతవరకైనా నిజం రాసినట్టు.