ఆర్చీ బంకర్ మంచోడే, మరి ఆ బాంబు పెట్టిందెవరు?

పోయిన శనివారం ఒక ఫ్రెండ్ వాళ్ల గృహప్రవేశానికి వెళ్లాం. న్యూజెర్సీలోనే, మా ఇంటికి నలభై నిమిషాలు. వ్రతం అయిపోయి అందరం బేస్‌మెంట్‌లో కూర్చుని పులిహోర తింటుంటే మాటలు మామూలుగానే ఇళ్ల రేట్ల మీదకి మళ్లాయి. ఇంకా ఇల్లు వెతుక్కుంటున్న కుర్రాడొకడు, ఫలానా ఊళ్లో ఒకటి చూశానండీ, రేటు కూడా మనకి అందేలా ఉంది అన్నాడు. ఇరవై ఏళ్ల నుంచి ఇక్కడే ఉంటున్న ఒకాయన చేతిలో ప్లేటు పక్కన పెట్టి మరీ, "ఆ సైడ్ వద్దు తమ్ముడూ, క్రౌడ్ బాగుండదు" అన్నాడు. అంతే. క్రౌడ్ అంటే ఏమిటండీ అని ఎవరూ అడగలేదు. అడగక్కర్లేదు, నల్లవాళ్ల గురించేనని అక్కడున్న అందరికీ తెలుసు. నేనూ అడగలేదు. నాలుగు రోజులైంది, ఆ మాట బుర్రలోంచి పోవట్లేదు, అందుకే రాస్తున్నాను. పెద్దదే అవుతుంది, ఓపికున్నవాళ్లు చదవండి.

ఈ దేశం వచ్చిన కొత్తల్లో నేను హెచ్4 మీద, అంటే మా ఆయన వీసా మీద ఆధారపడిన వీసాతో ఉండేదాన్ని. ఉద్యోగం చేయడానికి లేదు, ఉన్న ఒక్క కారూ మా ఆయన పొద్దున్నే తీసుకెళ్లిపోయేవారు, బయట మంచు. మూడేళ్లు నాకు తోడు టీవీయే. పాత సిట్‌కామ్‌లు, అంటే కామెడీ సీరియళ్లు, పొద్దున్నుంచి రాత్రి దాకా మళ్లీ మళ్లీ వేస్తుండేవాళ్లు. అమెరికాలో జాతి గొడవ అంటే ఏమిటో నేను నేర్చుకున్నది వాటిలోనే. అవి నాకు చెప్పిందేమిటంటే, జాతి ద్వేషం అనేది నోటి దురుసు మనిషి ఒకడి జబ్బు. కుర్చీలో కూర్చుని ఏదేదో వాగుతాడు, కూతురూ అల్లుడూ తగులుకుంటారు, ఇరవై రెండు నిమిషాలకి కాస్త మెత్తబడతాడు, చప్పట్లు. చాలా ఏళ్లు నేను అదే నమ్మాను. ఇప్పుడు తల్చుకుంటే కోపం వస్తోంది.

'ఆల్ ఇన్ ది ఫ్యామిలీ' అనే సిట్‌కామ్ చూసినవాళ్లకి నేను చెప్పేది వెంటనే అర్థమవుతుంది. నార్మన్ లియర్ ఒక బ్రిటిష్ షోని తీసుకుని అమెరికాకి తగ్గట్టు మార్చాడు. 1971 జనవరి 12న సీబీఎస్‌లో మొదలైంది. ఇందులో మనుషుల పక్షపాతాల మీద హాస్యం ఉంటుంది, గమనించండి అని ఛానల్ వాళ్లు మొదటి ఎపిసోడ్ ముందు స్క్రీన్ మీద రాసి మరీ వేశారు. న్యూయార్క్‌లో క్వీన్స్ అనే ప్రాంతం, అక్కడ ఒక మామూలు ఇల్లు, ఆ ఇంట్లో ఆర్చీ బంకర్. నల్లవాళ్లు, యూదులు, ప్యూర్టోరికో వాళ్లు, ఎవరినీ వదలడు. వరసగా ఐదేళ్లు దేశంలో నంబర్ వన్ షో అదే. దానికి దక్కాల్సిన గౌరవం దానికి ఇవ్వాల్సిందే, అంతకు ముందు చాలా సిట్‌కామ్‌లలో పచ్చిక లాన్లూ, నవ్వు మొహాల తెల్ల కుటుంబాలే తప్ప ఈ దేశంలో ఇంకో రకం మనుషులున్నట్టే కనబడేది కాదు. ఇళ్లల్లో నిజంగా మాట్లాడుకునే మాటల్ని లియర్ టీవీలోకి తెచ్చాడు. చిన్న విషయం కాదు.

మొదటి సీజన్‌లో ఒక ఎపిసోడ్ ఉంది. పక్కిల్లు ఒక నల్లజాతి కుటుంబం కొంటోందని ఆర్చీకి తెలుస్తుంది. ఆపాలని నానా తంటాలు పడతాడు. తీరా చూస్తే వచ్చేది తనకి తెలిసిన కుర్రాడు లయొనెల్ వాళ్ల ఇంటివాళ్లే. జెఫర్సన్‌లు. వాళ్లు దిగుతారు, పక్కింటివాళ్లైపోతారు, ఇక అక్కడి నుంచి నాలుగేళ్లు మాటకి మాట, నవ్వులు.

ఇప్పుడు అదే క్వీన్స్‌లో నిజంగా ఏం జరిగిందో చూడండి. రోజ్‌డేల్ అని ఒక పేట. 1974లో ట్రినిడాడ్ నుంచి వచ్చిన ఒక నల్లజాతి కుటుంబం అక్కడ ఇల్లు కొనుక్కుంది. ఆ డిసెంబర్ 31 రాత్రి, ఊరంతా కొత్త సంవత్సరం సంబరాల్లో ఉంటే, వాళ్ల ఇంటి దగ్గర పైపు బాంబు పేలింది. సరిగ్గా పద్దెనిమిది రోజులకి, 1975 జనవరి 18న, టీవీలో జెఫర్సన్‌లు క్వీన్స్ వదిలేసి మన్‌హాటన్‌లో పెద్ద అపార్ట్‌మెంట్‌కి మారిపోయారు, వాళ్ల పేరుతోనే కొత్త షో మొదలైంది. మర్నాటేడు బిల్ మోయర్స్ అనే జర్నలిస్టు రోజ్‌డేల్ మీద పబ్లిక్ టీవీకి ఒక డాక్యుమెంటరీ చేశారు. అందులో సైకిళ్ల మీద వెళ్తున్న నల్లజాతి పిల్లల మీదకి తెల్లవాళ్ల గుంపు ఎగబడటం కెమెరాకి దొరికింది. దొరికితే ఆ కాసేపూ చూడండి. చూశాక ఆర్చీ కుర్చీ నవ్వు రాదు.

లియర్ బాంబు ఎందుకు చూపించలేదని నేను అడగట్లేదు. నా బాధ వేరే. ఆ పేటల్లో తెల్లవాళ్లకి అంత భయం ఎక్కడి నుంచి వచ్చింది? ఊరికే నల్లరంగు నచ్చక వచ్చిందా? వాళ్ల ఆస్తి అంతా ఆ ఒక్క ఇల్లే. 1930ల్లోనే ప్రభుత్వ సంస్థే ఊళ్ల మ్యాపులు గీయించి, నల్లవాళ్లుండే పేటలకి ఎర్రరంగు వేసి, అక్కడ అప్పు ఇస్తే ప్రమాదం అని గుర్తు పెట్టింది. బ్యాంకులూ అదే దారి. నల్లజాతి కుటుంబం ఒకటి దిగితే వీధి రేటు పడిపోతుంది అన్నది అలా లెక్కల్లోకి ఎక్కింది. దాని మీద బతికిన బ్రోకర్లున్నారు. ఒక ఇల్లు నల్లవాళ్లకి అమ్మించడం, మిగతా వీధి అంతా ఫోన్లు చేసి "ఇప్పుడే అమ్ముకోండి, తర్వాత ఏమీ రాదు" అని బెదరగొట్టడం, వాళ్ల దగ్గర చవగ్గా కొని, ఇంకెక్కడా ఇల్లు దొరకని నల్లజాతి కుటుంబాలకి ఎక్కువకి అమ్మడం. బ్లాక్‌బస్టింగ్ అంటారు. ఇద్దరూ మునిగారు, మధ్యవాడు బాగుపడ్డాడు. ఇళ్ల అమ్మకంలో జాతి చూడకూడదని 1968 ఏప్రిల్‌లో చట్టం వచ్చింది, అదీ మార్టిన్ లూథర్ కింగ్‌ని చంపేసిన వారానికి. చట్టం వచ్చాక మ్యాపుల్లో ఎరుపు పోయింది కానీ ఆ వీధుల్లో రేట్లు అలాగే ఉన్నాయి.

ఇవన్నీ కామెడీలో పట్టవు అంటారేమో. పడతాయి. రెండో సీజన్‌లో ఆర్చీ ఇంటికే ఒక బ్లాక్‌బస్టింగ్ ఏజెంట్ వస్తాడు, మంచి రేటిస్తానంటాడు, ఆర్చీకి నోట్లో నీళ్లూరతాయి. తన దురభిమానం ఒక పక్క, డబ్బు ఇంకో పక్క. నవ్వూ వస్తుంది, వీధిలో అసలు ఆట ఏమిటో కూడా తెలుస్తుంది. అంటే చేయగలిగారు. అలాంటివి వేళ్ల మీద లెక్కపెట్టేన్ని చేసి, మిగతా అంతా ఆర్చీ నోటి మీద నడిపించేశారు. దేశం మొత్తానికి పట్టిన జబ్బుని ఒక మనిషి నాలుక మీద పెట్టేస్తే, ఆ మనిషి ముద్దొచ్చిన రోజున జబ్బు కూడా ముద్దొస్తుంది. 1974లో నీల్ విడ్మార్, మిల్టన్ రోకీచ్ అనే ఇద్దరు పరిశోధకులు ప్రేక్షకులనే అడిగి చూశారు. పక్షపాతం ఎక్కువున్నవాళ్లు కూడా షోని బాగానే ఎంజాయ్ చేస్తున్నారు, పైగా వాదనలో గెలిచింది ఆర్చీయే అనుకుంటున్నారు. అతన్ని చూసి సిగ్గుపడతారని తీస్తే, మనవాడు దొరికాడని చూశారు.

మా పక్కింటావిడ నల్లజాతి మనిషి. డెబ్భై దాటాయి, పోస్టాఫీసులో చేసి రిటైరైంది, నెవార్క్‌లో పెరిగింది. మా పాపకి జ్వరమొచ్చిన రాత్రి ముందు తలుపు కొట్టింది ఆవిడే. ఒకసారి వాళ్ల వంటింట్లో కూర్చుని ఈ షోల గురించి అడిగాను. బీన్స్ తుంచుతూ చెప్పింది. ఆర్చీ షో వస్తుంటే వాళ్ల నాన్న పడీ పడీ నవ్వేవాడట, అమ్మ మాత్రం లేచి వంటింట్లోకి వెళ్లిపోయేదట. వాళ్లమ్మ తెల్లవాళ్ల ఇళ్లల్లో పని చేసేది. పొద్దంతా విని వచ్చిన మాటలే మళ్లీ సాయంత్రం ఇంట్లో ఎందుకు వినాలి అనేదట. అదే జెఫర్సన్‌ల షో అయితే అమ్మే ముందు కూర్చునేది. డ్రైక్లీనింగ్ షాపులున్న నల్లవాడు, సొంత డబ్బు, ఎవరి మీదైనా గొంతు పెంచగలడు. "టీవీలో మావాడొకడు అరుస్తుంటే ఎవరూ కొట్టలేదు, అది చూడటానికి కూర్చునేవాళ్లం" అంది. ఆ మాట విన్నాక నేను మూడేళ్లు టీవీలో చూసిందంతా నాకు వేరేగా కనబడింది. అదే షో, అదే గది, నవ్వే మనిషి ఒకరు, లేచి వెళ్లిపోయే మనిషి ఒకరు.

బ్రిటన్ వాళ్లు ఇంకా ఘోరం. 'లవ్ దై నైబర్' అని 1972 నుంచి 1976 దాకా ఐటీవీలో వచ్చింది. పక్క పక్క ఇళ్లు, ఇటు తెల్ల జంట, అటు నల్ల జంట, మగవాళ్లిద్దరూ పొద్దస్తమానం జాతి పేరు పెట్టి తిట్టుకోవడం. వాడూ తిట్టాడు, వీడూ తిట్టాడు, సమానమే కదా అని దాని సమర్థన. సమానం ఎలా అవుతుంది? తెల్లవాడు తిట్లు తిని మర్నాడు ఉద్యోగానికి వెళ్తే అతనికేం కాదు, ఆ షోలో నేర్చుకున్న తిట్లు మాత్రం మర్నాడు స్కూల్లో నల్ల పిల్లల మీద పడేవి. అప్పటి పిల్లలు పెద్దయ్యాక ఎంతమంది చెప్పుకున్నారో.

మనకి ఇది అర్థం కాకపోవడానికి లేదు. 'సింప్సన్స్' అనే కార్టూన్ షోలో షాపు నడిపే ఇండియన్ పాత్ర అపూ సంగతి మనకి తెలుసు. ఆ వంకర యాసకి గొంతు ఇచ్చింది హ్యాంక్ అజారియా అనే తెల్ల నటుడు. దాని మీద 2017లో గొంతెత్తి డాక్యుమెంటరీ తీసింది మన తెలుగు ఇంటి పిల్లాడు, హరి కొండబోలు. అతను పుట్టి పెరిగింది కూడా క్వీన్స్‌లోనే, ఆర్చీ క్వీన్స్‌లో. బళ్లో పిల్లలు ఆ యాసతో ఎలా ఏడిపించారో అతనూ, మిగతా దక్షిణాసియా నటులూ చెబుతుంటే నాకు కళ్లమ్మట నీళ్లొచ్చాయి, ఎందుకంటే మా పాప అప్పటికి రెండో క్లాసు. 2020లో అజారియా ఆ పాత్ర వదిలేశాడు, తర్వాతేడు క్షమాపణ కూడా చెప్పాడు. అప్పుడు మన గ్రూపుల్లో ఎంత సంతోషం. ఆ 2017లోనే కాన్సస్‌లో మన ఇంజనీరుని మా దేశం వదిలి పొమ్మని అరిచి కాల్చి చంపినప్పుడు కొవ్వొత్తులు పట్టుకుని నిలబడ్డాం, నేనూ నిలబడ్డాను. అలా నిలబడ్డవాళ్లలో కొందరు ఆ శనివారం పులిహోర తింటూ క్రౌడ్ అన్న మాటకి తలాడించారు. అది నేను మింగలేకపోతున్నాను.

బాగా తీసినవి లేవా అంటే ఉన్నాయి. నా మటుకు నాకు 'ఫ్రెష్ ప్రిన్స్ ఆఫ్ బెల్ ఎయిర్' మొదటి సీజన్‌లో ఒక ఎపిసోడ్ చాలు, 1990 నాటిది. విల్, కార్ల్‌టన్ అనే నల్లజాతి కుర్రాళ్లిద్దరు ఒక పెద్దమనిషి మెర్సిడెస్ కారులో వెళ్తుంటారు, ఆయనే ఇచ్చిన కారు. పోలీసులు ఆపి కారు దొంగలని లోపలేస్తారు. కార్ల్‌టన్ వాళ్ల నాన్న పెద్ద లాయరు, వచ్చి స్టేషన్ దద్దరిల్లేలా అరిచి విడిపిస్తాడు. మామూలు షో అయితే అక్కడే చప్పట్లతో అయిపోవాలి. కానీ ఇంటికొచ్చాక కార్ల్‌టన్ ఇంకా వాదిస్తుంటాడు, కారు మరీ నెమ్మదిగా వెళ్తోంది, అందుకే ఆపారు, వాళ్ల డ్యూటీ వాళ్లు చేశారు అని. బెల్ ఎయిర్‌లో పెద్ద బంగళాలో పెరిగిన పిల్లాడు, అతని లోకంలో పోలీసు అంటే మంచివాడు. రాత్రి నాన్నని అడుగుతాడు, మీరే పోలీసైతే అంత నెమ్మదిగా వెళ్తున్న కారుని ఆపరా అని. ఆ పెద్ద లాయరు అరవడు. నన్ను మొదటిసారి ఆపినప్పుడు నేనూ ఇదే ప్రశ్న వేసుకున్నాను అని, గుడ్ నైట్ చెప్పి వెళ్లిపోతాడు. పిల్లాడు ఒక్కడే కూర్చుని, నేనైతే ఆపుతాను అని తనలో తను అనుకుంటాడు. అయిపోయింది. నవ్వు లేదు, కౌగిలింత లేదు. హెచ్4 రోజుల్లో అది చూసి ఏమీ అర్థం కాక ఛానల్ మార్చేశాను. మొన్న మళ్లీ చూసి చాలాసేపు లేవలేకపోయాను. ఎంత డబ్బున్నా, ఏ పేటలో ఇల్లు కొన్నా నీ రంగు నీతోనే వస్తుందని ఆ పిల్లాడికి తెలియడం లేదు, నాన్నకి తెలిసీ చెప్పబుద్ధి కావడం లేదు.

2018లో మొదలైన 'ది నైబర్‌హుడ్' దీన్ని తిరగేసింది. నల్లవాళ్ల పేటలోకి తెల్ల కుటుంబం దిగుతుంది, పక్కింటి కాల్విన్‌కి నచ్చదు. కాల్విన్‌గా వేసిన సెడ్రిక్ ది ఎంటర్‌టైనర్ అంటే నాకిష్టమే. కానీ అలా తెల్లవాళ్లు దిగడం మొదలయ్యాక అద్దెలు పెరిగి పాతవాళ్లు ఊరు వదలాల్సి వస్తోంది కదా, దాన్ని వదిలేసి ఇద్దరు మగాళ్ల స్నేహం చేసేశారు. మళ్లీ అదే ఆర్చీ కుర్చీ.

నిన్న ఆ కుర్రాడికి ఫోన్ చేశాను. ఆ ఇల్లు ఇంకొకసారి చూసిరా నాన్నా, కావాలంటే నేనూ వస్తాను, మా పక్కింటావిడ చెల్లెలు ఆ ఊళ్లోనే ఉంటుంది, మాట్లాడిస్తాను అన్నాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "అపాయింట్‌మెంట్ క్యాన్సిల్ చేసేశానక్కా, అన్నయ్య చెప్పారు కదా" అన్నాడు. శనివారం అన్నయ్య అలా అన్నప్పుడు నేను ఎదురుగానే కూర్చున్నాను, చేతిలో ప్లేటుతో.