గంజాయి పరీక్ష చెప్పేది ఒకటి, శిక్ష పడేది మరొకదానికి

షకారీ రిచర్డ్‌సన్ సంగతి ఎవరైనా ఎత్తితే నాకు ఇప్పటికీ కడుపు మండుతుంది. 2021 జూన్‌లో అమెరికా ఒలింపిక్ ట్రయల్స్‌లో 100 మీటర్లు 10.86 సెకన్లలో పరిగెత్తి గెలిచిన అమ్మాయి. యూరిన్ శాంపిల్‌లో గంజాయి ఆనవాలు దొరికిందని నెల రోజుల నిషేధం వేశారు, గెలిచిన ఫలితాన్ని కొట్టేశారు. టోక్యోలో 100 మీటర్ల పరుగు చేజారింది. కన్నతల్లి చనిపోయిందన్న కబురు ఒక విలేకరి నోట విని, ఆ బాధలో తీసుకున్నానని ఆమె టీవీలోనే చెప్పింది. "రూల్ అంటే రూలే" అని అప్పుడు చాలామంది తీర్పులిచ్చారు. సరే, ఆ రూల్ గురించే మాట్లాడుకుందాం.

ప్రపంచ డోపింగ్ నిరోధక సంస్థ (వాడా) గంజాయిని నిషేధించింది పోటీ సమయంలో మాత్రమే. మామూలుగా చూస్తే పోటీకి ముందురోజు రాత్రి 11:59 నుంచి, పోటీ ముగిసి శాంపిల్ ఇచ్చేదాకా. మిగతా రోజుల్లో వాడితే డోపింగ్ కింద లెక్క కాదు. అలాంటప్పుడు పరీక్ష తేల్చాల్సింది ఈ మనిషి ఎప్పుడు వాడాడు, బరిలోకి దిగేటప్పుడు మత్తు ఉందా లేదా అన్నదే కదా? యూరిన్ పరీక్ష సరిగ్గా ఆ రెండూ చెప్పలేదు.

మత్తెక్కించే పదార్థం టీహెచ్‌సీ. పొగ పీల్చిన కొద్ది నిమిషాల్లోనే అది రక్తంలో తారస్థాయికి చేరుతుంది, గంటల్లో బాగా పడిపోతుంది. యూరిన్‌లో కొలిచేది దాన్ని కాదు, కాలేయం దాన్ని మార్చేశాక మిగిలే కార్బాక్సీ టీహెచ్‌సీని. దీనికి మత్తు గుణమే లేదు. పైగా టీహెచ్‌సీ కొవ్వులో కరుగుతుంది కాబట్టి ఒంట్లోని కొవ్వులో చేరి నెమ్మదిగా బయటికొస్తుంది. రోజూ వాడే అలవాటున్న మనిషి మానేసిన వారాల తర్వాత కూడా కొద్దో గొప్పో జాడ దొరుకుతుంది. పొయ్యిలో బూడిద చూసి నిప్పు ఏ పూట రాజేశారో చెప్పమంటే ఎవరు చెప్పగలరు?

వాడాకు ఇది తెలియక కాదు. 2013లో పరిమితిని మిల్లీలీటరుకు 15 నానోగ్రాముల నుంచి 150కి పెంచింది. మంచి పనే, కాదనను. 1998 నగానో ఒలింపిక్స్‌లో స్నోబోర్డర్ రాస్ రెబగ్లియాటీ స్వర్ణాన్ని 17.8 నానోగ్రాములకే లాక్కుని, అసలు నిషేధిత జాబితాలో గంజాయే లేదని తేలాక తిరిగిచ్చారు. ఇప్పటి పరిమితితో చూస్తే అది లెక్కలోకే రాదు. కానీ 150 అన్నది గడియారం కాదు. ఎప్పుడో ఒకసారి తీసుకునేవాడు నిన్న వాడినా దాని కింద ఉండొచ్చు. బాగా అలవాటున్నవాడు రోజుల క్రితమే మానేసినా పైన తేలొచ్చు.

ఒంట్లో నీరు తగ్గినా పెరిగినా యూరిన్‌లో ఆ అంకె మారుతుంది. 2015 జనవరిలో మిక్స్‌డ్ మార్షల్ ఆర్ట్స్ ఆటగాడు నిక్ డియాజ్ యూఎఫ్‌సీ ఫైట్ చూడండి. ఒకే రాత్రి మూడు శాంపిళ్లు. మొదటిదీ చివరిదీ వాడా గుర్తింపు ఉన్న ల్యాబ్‌లో పరిమితికి బాగా కింద వచ్చాయి. మధ్యలో ఇచ్చింది వేరే ల్యాబ్‌లో పరిమితికి ఎన్నో రెట్లు పైన. ఆ ఒక్కదాన్ని పట్టుకుని ముందు ఐదేళ్ల నిషేధం వేశారు, తర్వాత 18 నెలలకు తగ్గించారు. ఒక ఆటగాడి బతుకును ఇలాంటి అంకె మీద ఎలా నిలబెడతారు?

రక్తపరీక్ష చేయొచ్చుగా అంటారు కొందరు. అలవాటున్నవాళ్ల రక్తంలో కొద్దిపాటి టీహెచ్‌సీ రోజుల తరబడి ఉంటుంది, ఆ మోతాదుకూ మత్తుకూ సరిగ్గా పొంతన కుదరదు. లాలాజల పరీక్ష కొంత నయం, అది ఎక్కువగా గంటల నుంచి ఒకటి రెండు రోజుల లోపు వాడకాన్నే పట్టిస్తుంది. ఆ దారిలో డబ్బూ శ్రమా పెట్టమనండి, నేనూ చప్పట్లు కొడతాను. మత్తులో మోటార్ రేసుకో బాక్సింగ్ రింగుకో దిగేవాణ్ని ఆపాల్సిందే. అవతలివాడి ప్రాణం కూడా పోవచ్చు. అందుకు ఆ మత్తును పట్టుకునే పరీక్ష కావాలి.

నన్ను అన్నిటికంటే బాధపెట్టేది ఇంకొకటుంది. 2021 నుంచి ఉన్న రూల్ ప్రకారం, పోటీ సమయంలో కాదు, ఆట మెరుగుకోసమూ కాదు అని నిరూపించుకుంటే మూడు నెలల నిషేధం. చికిత్స కార్యక్రమానికి వెళ్తే నెల. నిరూపించాల్సింది ఎవరు? ఆటగాడే! కోట్ల విలువైన యంత్రాలున్న ల్యాబ్ "ఎప్పుడు" అన్నది చెప్పలేదు, ఆ అమ్మాయో అబ్బాయో మాత్రం చెప్పి ఒప్పించాలి. ఒప్పించినా ఆ పోటీ ఫలితం పోయినట్టే.

మద్యాన్ని 2018లో వాడా జాబితా నుంచే తీసేశారు. అమెరికాలో బేస్‌బాల్ లీగ్ 2019లో, బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏ 2023లో గంజాయిని తమ నిషేధ జాబితాల నుంచి తప్పించాయి. వాడా 2022లో మళ్లీ సమీక్షించి, ఆరోగ్యానికి హాని, క్రీడాస్ఫూర్తికి విరుద్ధం అంటూ అలాగే ఉంచింది. ఆరోగ్యం మీద అంత పట్టింపు ఉంటే డాక్టర్నీ కౌన్సెలర్నీ పంపండి. ఎప్పుడు వాడారో ల్యాబ్ తేల్చలేనంత కాలం, యూరిన్‌లో దొరికిన ఆనవాలు ఒక్కదాన్నే చూపించి ఎవరి గెలుపునూ రద్దు చేయొద్దు.