మామూలు కౌంటర్ సరిపోదు
అమెరికాలో ఉండటానికి చట్టబద్ధమైన పత్రాలు లేని విద్యార్థులకు కాలేజీలో వేరే సెంటర్ దేనికి, ఆర్థిక సాయం కౌంటర్ ఉందిగా అని వ్యాసంలో రాశారు. నేను ఒప్పుకోను. కాలిఫోర్నియాలో ఒక కమ్యూనిటీ కాలేజీలో (రెండేళ్ల ప్రభుత్వ కాలేజీ) అలాంటి కౌంటర్ దగ్గరే నాలుగేళ్లు పనిచేశాను. ఒకమ్మాయి లైన్లో నిలబడి, తన వంతు రాగానే వెనకవాళ్లను ముందుకు పంపేసేది. అందరూ వెళ్లాక వచ్చి, గొంతు తగ్గించి, "సోషల్ సెక్యూరిటీ నంబర్ దగ్గర ఖాళీ వదిలేస్తే ఏమవుతుంది?" అని అడిగింది. ప్రభుత్వం ఇచ్చే ఆ గుర్తింపు నంబర్ తనకి లేదు. చేతిలో కాగితం చెమటకి మెత్తబడిపోయింది. ఆ పిల్లకి కావలసింది ఫెడరల్ (కేంద్ర ప్రభుత్వ) సాయం ఫారం కాదు, పత్రాలు లేనివాళ్లు రాష్ట్ర సాయం కోసం పెట్టుకునే కాలిఫోర్నియా డ్రీమ్ యాక్ట్ దరఖాస్తు. అక్కడ హైస్కూల్ చదివినట్టు చూపించి ఏబీ 540 అనే రాష్ట్ర చట్టం కింద అఫిడవిట్ ఇస్తే స్థానికుల ఫీజే పడుతుంది. 2001 నాటి చట్టం అది. నా పక్క సీటావిడకి ఈ సంగతే తెలియదు, బయటి రాష్ట్రంవాళ్ల ఫీజు చెప్పి పంపేసేది. అలా తిరిగి వెళ్లిపోయినవాళ్లు ఎంతమందో! ప్రతి కమ్యూనిటీ కాలేజీలో వీళ్లకోసం ఒక మనిషి ఉండాలని 2019లో ఏబీ 1645 చట్టం చేశారంటే ఊరికే కాదు. మనవాళ్లు ఇది మనకెందుకు అనుకుంటారు. హెచ్-4 మీద, అంటే హెచ్-1బీ ఉద్యోగుల కుటుంబానికిచ్చే వీసా మీద, వచ్చిన పిల్లలకి 21 నిండితే ఆ హోదా పోతుంది. వేరే వీసా దొరక్కపోతే వాళ్లూ పత్రాలు లేనివాళ్లే. 2012 జూన్ 15 నాటికి చట్టబద్ధంగా ఉన్నవాళ్లకి డాకా కూడా (చిన్నప్పుడు వచ్చిన పత్రాలు లేనివాళ్లని దేశం నుంచి పంపేయకుండా ఆపే పథకం) వర్తించదు. అలాంటి కుర్రాడి తల్లి ఒకావిడ, నేను తెలుగులో పలకరించగానే కౌంటర్ దగ్గరే ఏడ్చేసింది.