ఎనభై అయిదు అంగుళాల రహస్యం

మా పాత టీవీ పోయింది. ఎలా పోయిందన్నది అప్రస్తుతం. హాల్లో క్రికెట్ ఆడిన మావాడు కూడా అది అప్రస్తుతమనే అంటున్నాడు. కొత్తది తెమ్మని ఆదివారం పొద్దున్నే నన్ను బందరు రోడ్డు మీద ఓ పెద్ద షోరూముకి తోలారు. మా ఆవిడ రాలేదు. ఇద్దరం కలిసి వెళితే కొనడానికే వచ్చారని పసిగట్టేస్తారట. నేనొక్కణ్ణే, అదీ ఇంట్లో తొడుక్కునే చొక్కాతో వెళితే, "వీడేం కొంటాడులే" అనుకుని చివరి రేటు ముందే చెప్పేస్తారట. బేరం తను వాట్సాప్‌లో నడిపిస్తుంది, నేను పెదాలు కదిపితే చాలు. ఫోన్లో చార్జింగు ఎంతుందో చూసి మరీ పంపింది.

అంతకు ముందు రాత్రే మా బావమరిది హైదరాబాదు నుంచి ఫోన్లో క్లాసు పీకాడు. "బావా, అంగుళాలంటే అడ్డంగా కాదు, మూల నుంచి మూలకి. యాభై అయిదంటే వెడల్పు 122 సెంటీమీటర్లే ఉంటుంది. సోఫాకీ గోడకీ మధ్య ఎంతుందో కొలువు." కొలిచాను. తొమ్మిది అడుగులు. "సరే. ఫుల్ హెచ్‌డీలో అడ్డంగా 1920 చుక్కలు, నిలువుగా 1080. 4కే అయితే రెండూ రెట్టింపు, అంటే మొత్తం 83 లక్షల చుక్కలు. కానీ తొమ్మిది అడుగుల దూరం నుంచి యాభై అయిదులో ఆ తేడా మామూలు కంటికి ఆనదు." అయితే ఫుల్ హెచ్‌డీదే తీసుకుంటాను, చవక కదా అన్నాను. "ఆ సైజులో ఇప్పుడు నీకెవరూ ఫుల్ హెచ్‌డీ అమ్మరు బావా, అన్నీ 4కేలే." మరి ఇంతసేపూ నాకెందుకు చెప్పావురా అంటే, తెలుసుకుంటావని అన్నాడు. వాడి జీతం పాతిక లక్షలు.

షోరూములో గోడ నిండా టీవీలు. అన్నిట్లోనూ ఒకటే చిలక. ఆ చిలక ఎగురుతుంది, తర్వాత ఎవరో కమలాపండు కోస్తారు, రసం మెల్లిగా చింది కెమెరా వైపు వస్తుంది, తర్వాత ఎడారి, మళ్ళీ చిలక. షాపు కోసం రంగులూ వెలుతురూ ఆఖరి గీత దాకా పెంచి పెట్టే సెట్టింగొకటి ఉంటుంది, దాంట్లో పెడితే కాకి కూడా చిలకలాగే కనిపిస్తుంది. టై కట్టుకున్న కుర్రాడొకడు వచ్చి నా పక్కన నిలబడ్డాడు.

"ఇది క్యూఎల్ఈడీ సార్."

"క్యూ అంటే?"

"క్వాలిటీ సార్."

క్వాంటమ్ డాట్ అని నాకు అంతకు ముందు రాత్రే తెలుసు. అయినా ఊరుకున్నాను. "దీనికీ ఓఎల్ఈడీకీ తేడా ఏంటి బాబూ?" అన్నాను. దీంట్లో తెర వెనకాల దీపాలుంటాయి, దాంట్లో ఏ చుక్కకా చుక్క తనే వెలుగుతుంది, నలుపు కావాలంటే పూర్తిగా ఆరిపోతుంది అని చెప్తాడేమోనని చూశాను. "తేడా లక్ష సార్" అన్నాడు. అది మాత్రం కరెక్టే.

"ఇందులో ఏఐ పిక్చర్ కూడా ఉంది సార్."

"అది ఏం చేస్తుంది?"

"ఏఐ చేస్తుంది సార్."

నేను అడిగింది చాలా చిన్న విషయం. చిలకలు మా ఇంట్లో ఎవరూ చూడరు బాబూ, మా అమ్మ సీరియలు చూస్తుంది, నేను కింద మూడు వరసల్లో అక్షరాలు పరిగెత్తే న్యూస్ చూస్తాను, ఆ రెంట్లో ఏదన్నా ఒకటి పెట్టి చూపించు అన్నాను. "ఇక్కడ ఛానల్స్ రావు సార్" అన్నాడు. అన్ని టీవీలున్న షాపులో ఒక్క ఛానలు లేదు! మా ఇంట్లో ఉన్న సెట్‌టాప్ డబ్బా పాతది, దాంట్లోంచి వచ్చేది 576 గీతల బొమ్మ. ఆ బొమ్మని తీసుకెళ్ళి 2160 గీతల టీవీకిస్తే మిగతావన్నీ టీవీ తనంతట తను ఊహించుకుని నింపాలి. ఎలా ఊహిస్తుందో చూడకుండా అన్ని వేలు ఎలా పొయ్యమంటారు? బట్టల కొట్లో చీర మడత విప్పి చూపిస్తారు, ఇక్కడ డబ్బా మీద బొమ్మ చూసి కొనుక్కోమంటారు. పైగా ఏదన్నా సినిమా ముక్క పెట్టమంటే పెట్టాడు గానీ, హీరో నడక నున్నగా జారిపోతూ సీరియల్లో ఆడపడుచు నడకలా ఉంది. సినిమాకి సెకనుకి 24 బొమ్మలే ఉంటాయి, మధ్యలో లేని బొమ్మల్ని టీవీ సొంతంగా పుట్టించి దూర్చేస్తుంది. ఇంటికెళ్ళగానే అది ఆపేసుకోండి మహాప్రభో అని 2018లో టామ్ క్రూజ్ వీడియో చేసి మరీ మొత్తుకున్నాడు. ఈ కుర్రాడు దాన్ని "స్మూత్‌నెస్ సార్" అని అదనపు గుణంగా చెప్తున్నాడు.

చివరికి విసుగొచ్చి, "మీకు కావాల్సింది మీ ఫోన్ నుంచే టీవీలోకి కాస్ట్ చేసుకోండి సార్" అని షాపు వైఫై ఇచ్చి, మంచినీళ్ళు తెస్తానని వెళ్ళిపోయాడు.

నేను జేబులోంచి టేపు తీశాను. ఇంటి నుంచి తెచ్చుకున్నదే. మా హాలు లెక్కన యాభై అయిదు అంగుళాల టీవీ నుంచి తొమ్మిది అడుగులు వెనక్కి కొలిస్తే వాషింగ్ మెషీన్ల మధ్యకి చేరాను. అక్కడో స్టూలు దొరికితే కూచున్నాను. ఫోన్లో కాస్ట్ నొక్కాను. టీవీల పేర్లు వరసగా వచ్చాయి: లివింగ్ రూమ్ టీవీ, లివింగ్ రూమ్ టీవీ, లివింగ్ రూమ్ టీవీ. ఆ షాపులో నాకు లివింగ్ రూమన్నది ఒక్కటీ కనపడలేదు, ఫోన్లో మాత్రం అందరికీ అదే ఇంటిపేరు. ఒకదాని మీద నొక్కాను. కనెక్టయిందని వచ్చింది. ఎదురుగా టీవీలో చిలక అలాగే ఎగురుతోంది. నిదానంగా వస్తుందిలే, ఏఐ కదా అనుకున్నాను. ఈలోగా మా ఆవిడ మెసేజ్ వచ్చింది.

"ఎంత చెప్పాడు?"

"72,990."

"జీఎస్టీ తగ్గాకా, తగ్గకముందా?" 2025 సెప్టెంబరు 22 నుంచి 32 అంగుళాలు దాటిన టీవీల మీద పన్ను 28 శాతం నుంచి 18కి దిగిన సంగతి మా ఆవిడకి కంఠతా. "అరవై అనండి. ఒప్పుకోకపోతే లేచి వెళ్ళిపోతున్నట్టు నటించండి. గుమ్మం మాత్రం దాటకండి."

నేను ఆ కుర్రాడి విషయ పరిజ్ఞానం గురించి ఒక మాట టైపు చేశాను. మరీ మోటుగా ఉందనిపించి చెరిపేశాను. ఇంకో మాట టైపు చేశాను. అదీ చెరిపాను. ఆఖరికి "ఇతనికేం తెలీదు, క్యూ అంటే క్వాలిటీ అంటున్నాడు" అని మర్యాదగా పంపాను. చెరిపేసిన ఆ మొదటి మాట ఇక్కడ రాయడం బాగుండదు. అక్కడున్నవాళ్ళు ఎలాగూ చదివారు.

"మంచిదే. తెలీనివాడే తగ్గిస్తాడు. వాడు చూస్తున్నప్పుడు లేవండి."

"వాడు నావైపు చూడట్లేదు. నీళ్ళ గ్లాసు పట్టుకుని ఎటో చూస్తూ నిలబడ్డాడు."

నిజంగానే ఎటో చూస్తున్నాడు. అతనొక్కడే కాదు. ఫ్రిజ్జు తలుపు తీసి పట్టుకున్న దంపతులు, మిక్సీ కొనడానికొచ్చిన ఒక కుటుంబం, బిల్లింగు కౌంటర్లో అమ్మాయి, అందరూ నా వెనక ఎక్కడో చూస్తున్నారు. ఏదో మ్యాచ్ వస్తోందనుకున్నాను. ఛానల్స్ రావన్నవాడు మ్యాచ్ ఎలా పెట్టాడో తర్వాత కడిగేద్దామనుకున్నాను.

అంతలో మా నాన్న వయసు పెద్దాయనొకరు దగ్గరికొచ్చి, గొంతు తగ్గించి, "ఇప్పుడే లేవకు బాబూ, తేలిపోతావు. ముందు గోడకి బిగించే బ్రాకెట్టు ఊరికే ఇస్తారా అని అడుగు" అన్నారు.

నేను లేవబోతున్నట్టు ఈయనకెలా తెలిసింది? ఆయన మొహంలో జ్యోతిష్కుడి కళ ఏమీ లేదు. నా కూచునే తీరులోనే లేవబోయే వాలకం ఉందేమో, అనుభవజ్ఞులు కదా, అనుకున్నాను. అనుకుని, ఆ సంగతి కూడా మా ఆవిడకి రాశాను: "ఎవరో ముసలాయన మధ్యలో దూరుతున్నాడు." ఆయన నావైపు ఒక్క చూపు చూసి వెళ్ళిపోయారు. అప్పుడన్నా నాకు వెలగాలి.

మా ఆవిడకి టైపు చెయ్యడం విసుగొచ్చి వాయిస్ పెట్టింది. నొక్కాను. ఫోన్లోంచి చప్పుడు లేదు. వాల్యూమ్ పెంచాను. లేదు. ఇంకా పెంచాను. ఆఖరి దాకా పెంచాను. అప్పుడు షాపు మొత్తం, ఏసీ హోరుని మించి, నాలుగు మూలల నుంచీ మా ఆవిడ మాట్లాడింది.

"టైపు చెయ్యలేక చస్తున్నా, వినండి. అరవై అయిదు దాకా వెళ్ళొచ్చు, ఆ పైన ఒక్క రూపాయి వద్దు. మన దగ్గర అరవై అయిదుందని మాత్రం వాడికి తెలీకూడదు. మీ మొహం చూస్తే తెలిసిపోతుంది, ఆ మొహం కాస్త పక్కకి తిప్పుకోండి."

తిప్పాను. అలవాటు.

వెనక గోడ మీద ఎనభై అయిదు అంగుళాల టీవీ ఉంది. 188 సెంటీమీటర్ల వెడల్పు, 106 ఎత్తు. దాని నడిమధ్యన, అటూ ఇటూ నల్లటి ఖాళీ వదిలి, మీటరు ఎత్తున నా ఫోన్ నిలబడి ఉంది. చిలకని చూపించినంత శ్రద్ధగా మా సంభాషణని మొదటి నుంచీ చూపిస్తోంది. ఒక్క వత్తు చెదరలేదు, ఒక్క గుడి విరగలేదు. మా ఆవిడ ఫొటో, తిరుపతిలో తీసింది, గుండ్రంగా పైన వెలుగుతోంది. వాయిస్ ఇంకా అయిపోలేదు.

"ఆఁ, మీ గ్యాస్ మాత్రలు అయిపోయాయి, వచ్చేటప్పుడు పట్రండి."

ఇక్కడ నన్ను నేను సమర్థించుకోవాల్సిన అవసరం ఒకటుంది. కాస్ట్ మొదలుపెట్టే మీట ఫోన్లో కళ్ళకెదురుగా ఉంటుంది. ఆపే మీట మాత్రం ఎక్కడ దాచారో తయారుచేసినవాడికే ఎరుక. నేను దానికోసం పైనుంచి కిందకి లాగాను. టార్చి వెలిగింది. పక్కకి తోశాను. మావాడి మార్కుల లిస్టు ఫొటో వచ్చింది. లెక్కల దగ్గర జనంలో చిన్న నిట్టూర్పు వినిపించింది. వెనక్కి నొక్కితే బ్యాంకు మెసేజ్‌లు తెరుచుకున్నాయి. అంతదాకా గౌరవంగా చూస్తున్న మేనేజరు అప్పుడు కళ్ళజోడు పెట్టుకున్నాడు. మిక్సీ వాళ్ళ పిల్ల "అంకుల్, ఫోన్ ఆఫ్ చేసెయ్యండి" అని అరిచింది. ఆ షాపులో తెలివైనది ఆ పిల్లే. నేను ఫోన్ ఆపేలోపు మా బావమరిది మెసేజ్ కూడా ఆ తెర మీదే దిగింది: "బావా, కొనేముందు క్లారిటీ చెక్ చేసుకో."

మంచినీళ్ళ కుర్రాడు అప్పుడొచ్చి గ్లాసు ఇచ్చాడు. ఇంతసేపూ చేతిలో రిమోటు ఉంది వాడికి. ఒక్క మీట నొక్కితే పోయేది. నొక్కలేదు. వాణ్ణి నేనేమీ అనలేను, వాడి గురించి నేనన్నది వాడు చదివేశాడు.

"క్లారిటీ చూశారుగా సార్" అన్నాడు.

చూశాను. తొమ్మిదడుగుల నుంచి కాదు, ముప్ఫై అడుగుల నుంచి కూడా చదవొచ్చు. నేను అడిగింది కూడా అదే, అక్షరాలెలా కనపడతాయో చూపించమని.

మేనేజరు స్వయంగా వచ్చి, "మీకోసం 64,990 సార్, మేడమ్‌గారు చెప్పిన దాంట్లోనే" అన్నాడు. పది రూపాయలు మాకు మిగిల్చాడు. బ్రాకెట్టు ఊరికేనా అని అడుగుదామని నోరు తెరిచాను. ఆ పెద్దాయన ఇంకా అక్కడే ఉన్నారు. మూసుకున్నాను.

టీవీ వచ్చింది. మా అమ్మ సీరియలు పెట్టి, అందరి మొహాలకీ పౌడరు ఎక్కువైనట్టుందేమిట్రా, ఆవిరిపట్టినట్టున్నారు అంది. హెచ్‌డీ కావాలంటే డబ్బా మార్చాలట, ప్యాకు మార్చాలట, ఒక్కో ఛానలుకీ వేరే లెక్కట. మా ఆవిడ ఇంకేమీ అడగలేదు గానీ, రాత్రి అన్నాలప్పుడు "నా గొంతు అందులో ఎలా వినిపించింది?" అంది. బేస్ కాస్త ఎక్కువైందన్నాను. అప్పటి నుంచి పచ్చడి నేనే వేసుకుంటున్నాను.

ఇవాళ బిగించడానికి మనిషొచ్చాడు. బ్రాకెట్టుకి పదిహేను వందలు వేరేగా ఇమ్మన్నాడు. ఇవ్వచ్చా, బేరమాడాలా? మా ఆవిడ వంటింట్లోనే ఉంది, అతను హాల్లో ఉన్నాడు, టీవీ వైఫైకి తగిలించి ఉంది. నేను ఫోన్లో వైఫై ఆపి, బ్లూటూత్ ఆపి, మేడ మీదికెళ్ళి, నీళ్ళ ట్యాంకు చాటున నిలబడి ఆవిడకి మెసేజ్ పెట్టాను. చూసినట్టు నీలం టిక్కులు పడ్డాయి. కింద నుంచి గట్టిగా కేకేసింది: "వెయ్యి దాకా ఇవ్వచ్చు, అతనికి చెప్పకండి!"