కనిగిరి నడుముకు ఆస్టియోపతి చెప్పే మాట

మెడ పట్టుకుని ఒక్కసారి తిప్పుతారు, టక్కుమంటుంది, బల్ల మీది మనిషి ప్రాణం లేచొచ్చినట్టు నవ్వుతాడు. ఫోన్లలో తిరిగే ఇలాంటి వీడియోలు చూసి ఒంగోలు, నెల్లూరు వాళ్ళు కీళ్ళు, కండరాలను చేతులతో సరిచేసే వైద్యం ఆస్టియోపతి అంటే ఇంతే అనుకుంటున్నారు. ఆ టక్కుమనే శబ్దం ఎముక తన చోటికొచ్చి కూర్చున్న శబ్దం కాదు. కీలు ఒక్కసారిగా సాగినప్పుడు లోపలి ద్రవంలో వాయువు ఖాళీ ఏర్పడి వచ్చే చప్పుడది. అది వినిపిస్తే జబ్బు తగ్గినట్టూ కాదు, వినిపించకపోతే వైద్యం జరగనట్టూ కాదు. ఈ పద్ధతిలో విలువైనది దాని ఆలోచన. మన దగ్గరికి చేతిపని వచ్చింది, ఆలోచన ఇంకా రాలేదు.

అమెరికా వైద్యుడు ఆండ్రూ టేలర్ స్టిల్ 1864లో మెదడు పొరల వాపు జబ్బు మెనింజైటిస్‌కి ముగ్గురు పిల్లల్ని పోగొట్టుకున్నాడు. నాటి మందుల మీద నమ్మకం పోయి 1874లో ఆస్టియోపతిని ప్రకటించాడు. 1892లో మిస్సోరీ రాష్ట్రం కిర్క్స్‌విల్‌లో కళాశాల పెట్టాడు. తర్వాతి కాలంలో స్థిరపడిన సూత్రాలు నాలుగు. శరీరం, మనసు, ఆత్మ కలిసి ఒకటే మనిషి. తనను తాను సరిదిద్దుకునే శక్తి ఒంటికి ఉంది. ఒంటి నిర్మాణం, అది చేసే పని ఒకదాన్నొకటి మలుస్తాయి. చికిత్స ఏదైనా ఈ మూడింటి మీదే నిలబడాలి.

పొగాకు గ్రేడింగ్‌లో కింద కూర్చుని, తల వంచి పొద్దస్తమానం ఆకు వేరుచేసే ఆమెకు మెడ పట్టేసిందనుకోండి. మెడ ఒక్కటే పిసికితే రెండు రోజుల్లో నొప్పి మళ్ళీ మొదలవుతుంది. వీపు పైభాగం బిగుసుకుపోయి పక్కటెముకలు సరిగా కదలకపోతే, ఊపిరి తీసినప్పుడల్లా వాటిని పైకి లాగే భారం మెడ కండరాల మీద పడుతుంది. అందుకే తెలిసిన వైద్యుడు ముందు నిలబెట్టి చూస్తాడు. భుజాలు, తుంట్లు రెండు వైపులా ఒకే ఎత్తులో ఉన్నాయా, ముందుకు వంగితే వెన్ను ఎక్కడ కదలడం మానేస్తోంది, ఏ పక్కటెముక వెనకబడుతోంది? ఆ తర్వాతే వేళ్ళతో తడిమి కండ తీరులో మార్పు, కుడిఎడమల తేడా, కదలిక తగ్గిన చోటు, నొక్కితే నొప్పి వెతుకుతాడు.

చికిత్సలో విరుపు కన్నా మెత్తని దారులే ఎక్కువ. మజిల్ ఎనర్జీ పద్ధతిలో కీలును ఆగేచోటి దాకా తీసుకెళ్ళి, రోగిని వైద్యుడి చేతికి ఎదురుగా 3 నుంచి 5 సెకన్లు మెల్లగా నెట్టమంటారు. వదిలాక కొత్తగా ఆగేచోటికి జరుపుతారు. ఇలా మూడు నుంచి ఐదుసార్లు. రోగి బలమంతా పెట్టి నెడితే పెద్ద కండరాలు రంగంలోకి దిగుతాయి, వదలాల్సిన చిన్న కండరం అలాగే ఉండిపోతుంది. కౌంటర్‌స్ట్రెయిన్‌లో నొప్పి తగ్గే భంగిమలో 90 సెకన్లు ఉంచి, తిరిగి నెమ్మదిగా తేవాలి. గబుక్కున తెస్తే పట్టు మళ్ళీ బిగుస్తుంది.

దీనికి ఆధారాలు బలంగా లేవనే వాళ్ళున్నారు. పుర్రె ఎముకల్ని సర్దుతామనే శాఖ విషయంలో ఆ మాట నిజమే, దాన్ని వెనకేసుకురానక్కర్లేదు. నడుం నొప్పికి చేతివైద్యాన్ని వ్యాయామంతో కలిపి మాత్రమే వాడవచ్చని బ్రిటన్‌లో వైద్య ప్రమాణాలు చెప్పే నైస్ సంస్థ 2016 మార్గదర్శకాలు చెబుతున్నాయి. చేతులు సగం పని చేస్తాయి, మిగతా సగం రోగి జీవితంలో మారాలి. సూత్రాలు చెప్పేదీ అదే.

ఈ సూత్రాలు ఎక్కడికన్నా ఎక్కువగా మన మెట్టప్రాంతానికి కావాలి. 1937లో షార్ట్ అనే వైద్య పరిశోధకుడు, ఆయన సహచరులు ఫ్లోరైడ్ వల్ల ఎముకలు బిగుసుకుపోయే జబ్బు అస్థి ఫ్లోరోసిస్‌ను నమోదు చేసింది నాటి నెల్లూరు జిల్లాలోనే. కనిగిరి, పొదిలి, దర్శి అప్పుడు ఆ జిల్లాలోవే. బోరు నీళ్ళలో ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాముల హద్దును బాగా దాటి ఏళ్ళ తరబడి ఒంట్లోకి పోతే ఎముక గట్టిపడుతుంది, వెన్ను పక్క బంధనాలు సున్నం పట్టి కర్రలా బిగుస్తాయి, వెన్నుపాము ఉండే గొట్టం ఇరుకవుతుంది. ఆ మెడను విసురుగా తిప్పితే, ఆ నడుమును ఎదురుకాళ్ళతో పుట్టినవాళ్ళచేత తొక్కిస్తే వెన్నుపామే నలగవచ్చు, కాళ్ళు పడిపోవచ్చు.

ఈ జబ్బును అనుమానించడానికి పెద్ద యంత్రాలు అక్కర్లేదు. మోకాళ్ళు వంచకుండా నేల మీది రూపాయి బిళ్ళ తీయగలరా? గడ్డం ఛాతీకి ఆనుతుందా? రెండు చేతులూ తల వెనక కలుస్తాయా? ఈ మూడూ చేయలేని మనిషి ఆ ప్రాంతంవాడైతే ముందు ముంజేతికి ఎక్స్‌రే తీయాలి. రెండు ఎముకల మధ్య పొర సున్నం పట్టి కనిపిస్తే అది ఫ్లోరోసిస్ అని దాదాపు తేలినట్టే. సాయంత్రం జ్వరం, బరువు తగ్గడం ఉంటే వెన్ను క్షయ కోసం చూడాలి. మూత్రం ఆగినా, తెలియకుండా పడినా, తొడల మధ్య స్పర్శ పోయినా అదే రోజు పెద్దాసుపత్రికి పంపాలి. ఈ పరీక్షలేవీ చేయకుండా మెడ మీద చెయ్యి వేసే శిబిరాలను అధికారులు ఆపించాలి.

ఇక ఒంటికున్న బాగుచేసుకునే శక్తి మాట. దానికి అడ్డున్నదాన్ని తీసెయ్యడమే వైద్యుడి పని అంటుంది ఆస్టియోపతి. మర్రిపూడిలోనో ఉదయగిరి పల్లెల్లోనో ఆ అడ్డు బిందెలో ఉంది. నీళ్ళు కాస్తే ఫ్లోరైడ్ పోదు, ఆవిరైన కొద్దీ చిక్కబడుతుంది. ఆర్వో నీళ్ళు తాగుతున్నామని ధీమాపడి, వంటకు బోరు నీళ్ళే పోస్తే విషం అన్నంలోంచి వస్తుంది. బిగుసుకున్న ఎముక వెనక్కి రాదు గానీ, నీళ్ళు మారి, పాలు, కాల్షియం ఉన్న తిండి అందితే జబ్బు ముదరడం తగ్గుతుంది. నదీజలం ఇంటింటికీ రావాలన్న మాట ఈ మెట్టలో ఏ ఎన్నికలకు ఆ ఎన్నికలకు వినబడుతూనే ఉంది. అది సాగునీటి పద్దు మాత్రమే కాదు, ఆసుపత్రి పద్దు కూడా.

ఒంగోలు, నెల్లూరు ప్రభుత్వాసుపత్రుల్లో నడుం నొప్పితో వచ్చేవాళ్ళ ఓపీ చీటీ మీద రెండు గడులు చేర్చాలి: ఏ ఊరి నీళ్ళు, ఎన్నేళ్ళుగా. ఒకే ఊరి నుంచి బిగిసిన నడుములు వరసగా వస్తుంటే ఆ వివరం గ్రామీణ నీటి సరఫరా ఇంజనీర్ల బల్ల మీదికి వెళ్ళాలి. వాళ్ళు ఆ బోరును పరీక్షించి, ఫ్లోరైడ్ తేలితే ఎర్ర రంగు వేసి, తాగడానికీ వంటకూ సరిపడా వేరే నీళ్ళు చూపించాలి.